ఇంటికి అంటని గరాజు

సోనీలాల్‌ని పెళ్లాం ఇంట్లోంచి వెళ్లగొట్టిందనీ, అతను గరాజు పేరు చెప్పి ఇంటి పక్కన తనకో గది కట్టుకున్నాడనీ కాస్కడూ వీధిలో ఇప్పటికీ కొందరు చెప్పుకుంటున్నారు. బిస్నాథ్ కొట్టు దగ్గర పుట్టిన ఈ మాట చెక్క వంతెన దాటి పెద్ద రోడ్డు చేరేసరికి ఇంకా ముదిరింది. జస్సోద్రా అతని మీదికి అన్నం గరిటె విసిరిందని ఒకరూ, కాదు గరిటె కాదు ఇస్త్రీపెట్టె అని ఇంకొకరూ. విసరడం జరగలేదు. వెళ్లగొట్టడమూ జరగలేదు. జరిగిందేమిటో ఆ రోజు పారలు పట్టుకుని అక్కడ నిలబడ్డ వాళ్లందరికీ తెలుసు. అయినా చప్పటి నిజం కంటే కారం పెట్టిన అబద్ధం రుచిగా ఉంటుంది కదా, అందుకని దాన్నే నములుతున్నారు.

వీధి పొరబడిందంటే దానికీ కారణాలున్నాయి. మన దీవిలో ఈ వైపు ఇళ్లన్నీ స్తంభాల మీద నిలబడతాయి. కాపురం పైన. ఇంటికింద కారు, ఊయల, బాతులు, బట్టల తీగ. పెళ్లయితే విందు అక్కడే, మనిషి పోతే రాత్రంతా జాగారం అక్కడే. ఇంటికింద అంత చోటు పెట్టుకుని పక్కన గరాజు కట్టడమంటే, నెత్తిన ఒక టోపీ పెట్టుకుని చేత్తో ఇంకో టోపీ పట్టుకు తిరగడమే. పైగా సోనీలాల్ కొంతకాలంగా పైన పడుకోవడం మానేశాడు. ఇంటికింద ఊయలలో పడుకుంటున్నాడు, అదీ రోజుకో మూలకు ఊయల మార్చి. జస్సోద్రా కిందికి రావడం మానేసింది. ఇన్ని చూశాక వీధి ఊరుకోదు.

సోనీలాల్ భగ్గన్ మాటల మనిషి కాడు. చెరకు ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ చెరకు ట్రాక్టర్ తోలాడు. అది మూతపడ్డాక పాత కారొకటి కొని పెద్ద రోడ్డు మీద టాక్సీ తిప్పాడు. వెనక సీట్లో నలుగురెక్కి ప్రపంచాన్ని తిట్టిపోస్తుంటే అద్దంలో చూసి తలూపడమే అతని పని. ఇంట్లో మాటలన్నీ జస్సోద్రావే. శనివారం సంతలో బొబ్బర్లూ చేమాకులూ అమ్మేటప్పుడు ఆమె కేక వంతెన అవతలికి వినబడేది. వీధిలో ఎవరింట్లో ఏ కూరో ఆమెకి తెలియకుండా పొయ్యి మీంచి దిగేది కాదు.

కిందటి వానాకాలంలో తడి మెట్ల మీద ఆమె జారింది. ఎముకేం విరగలేదు గానీ తుంటి పట్టేసింది. నెమ్మదిగా మెట్లు దిగడం తగ్గించింది, ఆ తర్వాత పూర్తిగా మానేసింది. ఎవరికీ చెప్పలేదు. సోనీలాల్ చేత కూడా ఒట్టు వేయించుకుంది. వరండా కమ్మీకి తాడు కట్టి బుట్ట దించేది. చేపలమ్మాయి బుట్టలో చేపలు వేసేది. కింద నుంచి చూసే వాళ్లకి అది డాబుగా కనిపించింది. "రాణీగారు దిగరు, బుట్ట దిగుతుంది" అని నవ్వుకున్నారు. జస్సోద్రాకి కావలసిందీ అదే. కుంటిదనిపించుకోవడం కంటే టెక్కులాడి అనిపించుకోవడం ఆమెకి నయం.

సోనీలాల్ ఒకే ఒక్కసారి కదిపి చూశాడు.

"జస్సో, కింద కారు పెట్టే చోట గది వేసుకుంటే? మెట్ల గొడవుండదు..."

ఆమె కత్తిపీట మీంచి చెయ్యి తియ్యకుండానే చూసింది. "మీ అమ్మ పోయినప్పుడు ఎక్కడ పడుకోబెట్టారు?"

"ఇంటికింద."

"మా అన్నని?"

"ఇంటికిందే."

"మరి నన్ను ఇప్పట్నుంచే అక్కడ పడుకోబెడతావా? నన్ను కిందికి దించేది ఒక్కసారే. అప్పుడు ఎలాగూ నాకు తెలీదు, నీ ఇష్టం. ఇంకోసారి ఆ మాటెత్తావంటే నీ కూర నువ్వే వండుకో."

అతను మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం టాక్సీ తిప్పి వచ్చేసరికి ఆమె వరండాలో, అదే కుర్చీలో, అదే మూలకి చూస్తూ ఉండేది. వీధి మీదికి కేకలు తగ్గాయి. సంతకి వెళ్దామా అంటే తల నొప్పి. పాటల ప్రోగ్రాముకి వెళ్దామా అంటే చీర మాసింది. మనిషి అంగుళం అంగుళంగా ఆ పైనే మూతపడిపోతోందని అతనికి అర్థమైంది. ఆమె ఒప్పుకునేదాకా ఆగితే ఏళ్లు పడతాయి. అందుకే ముందు కారుని బయటికి పంపాలనుకున్నాడు. చోటు ఖాళీ అయ్యాక గోడలు లేపొచ్చు, గోడలు లేచాక ఆమెని అడగొచ్చు. మాటలతో గెలవలేని మనిషి పని చేసి చూపిద్దామనుకున్నాడు.

ఇక మన నేల సంగతి. చెరకు పండిన నల్ల బంకమట్టి. ఎండలకి నోళ్లు తెరుచుకుంటుంది, చెప్పు జారితే మడమ దాకా దిగబడుతుంది. వానలకి ఉబ్బుతుంది. దాని మీద వేసిందల్లా ఏడాదికోసారి లేస్తుంది, ఏడాదికోసారి కుంగుతుంది. తొందరపడి కాంక్రీటు పలక పోసిన వాళ్ల ఇళ్లలో పగుళ్లెన్నో చూశాడు సోనీలాల్. అందుకే కొలతలకి ముందు మట్టిని అడిగాడు. మూలలో గొయ్యి తవ్వి, నల్ల మట్టి దాటి పసుపు రంగు మట్టి తగిలేదాకా దిగాడు. అక్కడ పగుళ్లు ఆగిపోయాయి. గోతిలో నీళ్లు పోసి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, అవి ఎంత నెమ్మదిగా ఇంకుతాయో చూశాడు. అంచుల్లో లోతుగా కందకం, మధ్యలో కంకర వేసి దిమ్మిస, కంకర మీద ఇనుప జాలి, వాన నీరు మురుక్కాలవ వైపు జారేలా సన్నటి వాలు. ఇంటికింద గచ్చుకీ గరాజు గచ్చుకీ మధ్య మాత్రం మెట్టన్నది ఉండకూడదు, గుమ్మం ఎత్తు కూడా ఉండకూడదు. సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని గుంజ గుంజకీ తిరిగి మట్టం గీశాడు.

వెడల్పు దగ్గర మాత్రం నలిగిపోయాడు. దారం కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. ఒకరోజు టాంటీ లిస్ట్రా చర్చి నుంచి వస్తూ ఆగింది. వీధిలో పెద్దావిడ, అందరికీ టాంటీయే, అంటే అత్తే. ఆమె చూస్తుండగానే సోనీలాల్ కారు తలుపు బార్లా తెరిచి, ముందు సీట్లో కూర్చుని, ఒక కాలు కర్రలా బిగబట్టి, చీపురుకర్ర ఊతంగా పెట్టుకుని లేవడానికి కిందా మీదా పడుతున్నాడు. లేచి, చీపురుకర్ర చేరిన చోట మేకు పాతాడు.

"ఏమైంది నాయనా కాలికి?"

"ఏం లేదు టాంటీ. కొలుస్తున్నా."

"ఏంటి, నీ వయసా?"

"గరాజు వెడల్పు."

"కారుకి ఇంత వెడల్పు దేనికి? నీ కారేమన్నా కడుపుతో ఉందా?"

సోనీలాల్ నవ్వి ఊరుకున్నాడు. ఒట్టు ఉంది మరి. టాంటీ మేకుల వంక, దారం వంక, ఊయల వంక చూసింది. కారు పోను మిగిలిన చోట ఒక మంచం పడుతుంది. ఆమె ఆ లెక్కని మనసులోనే ఉంచుకునే మనిషైతే ఆమె టాంటీ లిస్ట్రా ఎందుకవుతుంది?

మిగతాది కార్‌లైల్ వల్ల జరిగింది. అతను తాపీమేస్త్రీ, సోనీలాల్‌కి ట్రాక్టర్ రోజుల నుంచీ జత. కందకం చూడటానికి వచ్చి పని తగ్గించే ఉపాయం చెప్పాడు.

"ఒరేయ్ సోనీ, ఇంటి స్తంభానికి బెజ్జాలు కొట్టి ఊచలు గుచ్చి, పలకని ఇంటికి కలిపేద్దాం. ఒక పక్క పనే తప్పుతుంది."

"వద్దు. అంటుకోకూడదు. వేలెడంత సందు వదిలెయ్."

"ఇల్లు నీదే, గరాజు నీదే. మధ్యలో ఈ అంటరానితనం ఏంట్రా?"

"ఇల్లు ఎప్పుడో కుదురుకుంది. ఇది కొత్తది, వానకి లేస్తుంది, ఎండకి దిగుతుంది. రెంటినీ కట్టేస్తే ఇది ఇంటిని కూడా చీలుస్తుంది. మీ అక్క వంటగది మర్చిపోయావా? చెయ్యి పట్టేంత పగులు."

"ఆ పగుల్లోంచేగా మా బావ పక్కింటి కూరలు చూసి లొట్టలేసేది! పోనీలే, సందు వదుల్తా."

అప్పుడే సిమెంటు బస్తాలు దింపడానికి వచ్చిన బిస్నాథ్ చెవిలో రెండు ముక్కలు పడ్డాయి. "అంటుకోకూడదు. సందు వదిలెయ్." ఆ రెండు ముక్కలూ కొట్టు గట్టెక్కి కూర్చున్నాయి. సాయంత్రానికి చేపలమ్మాయి బుట్టలో చేపలు వేస్తూ పైకి అరిచింది.

"ఏమ్మా, ఆయన వేరు కాపురం పెడుతున్నాడటగా?"

వరండాలోంచి జవాబు తడుముకోకుండా వచ్చింది. "పెట్టుకోనీ. చీపురు నేనే కొనిస్తా. నువ్వు ఆ చేప మొప్పలు చూపించు, అవి ఎన్నాళ్ల కింద చచ్చాయో చూద్దాం."

చేపలమ్మాయి నవ్వుకుంటూ పోయింది. ఆ రాత్రి నుంచి మాత్రం సోనీలాల్‌కి అన్నం బల్ల మీద మూతపెట్టి ఉండేది, జస్సోద్రా గది తలుపు వేసి ఉండేది. తుంటి నొప్పి ఎక్కువైంది పాపం అనుకున్నాడతను.

పూయీ చెట్లు పసుపుపచ్చ పూలు రాల్చడం మొదలుపెట్టాయి. అంటే వానలు దగ్గరపడ్డాయి. కందకంలో నీళ్లు నిలిస్తే ఇన్నాళ్ల పనీ బురద. కాంక్రీటు లారీ మన చెక్క వంతెన మీదికి రాదు, కాబట్టి చేతులు కావాలి. మన వీధిలో చేతులంటే గయాప్. ఆదివారం పొద్దున్నే మగవాళ్లు పారలతో వస్తారు, కూలి ఎవరూ ముట్టరు, సాయంత్రం కడుపారా తిని పోతారు. అయితే గయాప్‌కి ఒక కట్టుబాటుంది. ఆ ఇంటి ఇల్లాలు పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టాలి. పెట్టిందంటే ఆ కట్టడం ఇద్దరికీ ఇష్టమని అర్థం. ఆమె గిన్నె పొయ్యెక్కేదాకా ఎవరూ పార ఎత్తరు.

సోనీలాల్ తప్పు చేసింది ఇక్కడే. జస్సోద్రా మెట్లు దిగలేదు, దిగలేదని వీధికి తెలియకూడదు. అందుకని తెలివిగా అనుకుని టాంటీ లిస్ట్రా ఇంటికి వెళ్లాడు.

"టాంటీ, ఆదివారం గయాప్‌కి పెలావు గిన్నె నువ్వు పెట్టాలి."

టాంటీ చేతిలో కందికాయలు వలవడం ఆగిపోయింది. "ఇల్లాలు బతికుండగా నేనా?"

"ఆమెకి... పనుంది."

"ఆదివారం? నీ ఇంట్లో గయాప్ పెట్టుకుని ఆమెకి వేరే పనా? ఏం పని?"

సోనీలాల్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అబద్ధం దొరకలేదు.

"జస్సోద్రాకి తెలుసా నువ్వు నన్నడిగావని?"

"తెలీదు. చెప్పకు."

"చాల్లే నాయనా," అంది టాంటీ. "ఇంకేం చెప్పక్కర్లేదు." వలిచిన గింజల గిన్నె పట్టుకుని లోపలికి పోయింది. వస్తాననలేదు, రాననలేదు.

శనివారం మధ్యాహ్నం కార్‌లైల్ వచ్చి కంకర కుప్ప మీద కూర్చున్నాడు. "రేపు ఎవరూ రారు రా."

"వానకి భయమా?"

"వానక్కాదు. వేరు పడే మొగుడికి గది కట్టిన పాపం మాకొద్దంటున్నారు."

సోనీలాల్‌కి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పెద్దగా నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "జస్సో కూడా విందా?"

"కాస్కడూ వీధిలో కుక్క తుమ్మినా ఆమెకి వినబడుతుంది. ఇది వినదా?"

మూతపెట్టిన అన్నం, వేసిన తలుపు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. మెట్లెక్కి వెళ్లి తలుపు తట్టాడు.

"జస్సో, వీధివాళ్లు అంటున్నది..."

"నాకు నిద్రొస్తోంది."

అతను తలుపు దగ్గర నిలబడిపోయాడు. గది సంగతి చెబితే ఆమె వద్దంటుంది, వద్దంటే ఈ వానల్లో పునాది పోతుంది, మళ్లీ ఎండలు వచ్చేదాకా ఆమె ఆ కుర్చీలోనే. చెప్పకపోతే తను వదిలి పోతున్నానని నమ్ముతూ ఆమె ఇవాళ పడుకుంటుంది. సగం చెప్పి సగం దాచడం అతనికి చేతకాదు. "జస్సో, నేనెక్కడికీ పోను" అన్నాడు చివరికి. లోపల మంచం కిర్రుమంది, అంతే.

ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం తూర్పున నల్లబడి ఉంది. కార్‌లైల్ మిక్సరు ఈడ్చుకొచ్చాడు. రారనుకున్న మగవాళ్లు గిన్నె ఎక్కుతుందేమో చూద్దామని వచ్చారు గానీ రోడ్డు మీదే ఆగిపోయారు, పారలు భుజాన, కళ్లు పొయ్యి వైపు. మూడు రాళ్లూ కట్టెలూ సిద్ధంగా ఉన్నాయి, గిన్నె లేదు. టాంటీ లిస్ట్రా ఉత్త చేతులతో వచ్చి కంచెకి ఆనుకుని నిలబడింది. వండటానికి రాలేదు, చూడటానికి వచ్చింది.

"గిన్నె ఎవరు పెడుతున్నారు సోనీ?" అన్నాడు బిస్నాథ్, తెలియనట్టు.

సోనీలాల్ నోరు తెరిచేలోపు పైన వరండా కమ్మీ మీద ఇనుము గీసుకున్న చప్పుడైంది. అందరూ తలెత్తారు. బుట్ట తాడుకి కట్టిన పెద్ద ఇనప గిన్నె గాల్లో గుండ్రంగా తిరుగుతూ దిగుతోంది. నేలకి తగిలి ఠంగుమంది. తర్వాత మెట్ల మీద జస్సోద్రా కనిపించింది. నిలబడి కాదు. మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి, ఒక మెట్టు జరిగి, ఊపిరి పీల్చుకుని, ఇంకో మెట్టు. కుడికాలు కర్రలా ముందుకి చాపి ఉంది. ఒళ్లో గరిటె.

టాంటీ లిస్ట్రా చేత్తో నోరు మూసుకుంది. చీపురుకర్ర ఊతంగా కారులోంచి లేచిన మనిషి ఆమె కళ్ల ముందుకి వచ్చాడు.

సోనీలాల్ పరిగెత్తాడు.

"ముట్టుకోకు," అంది జస్సోద్రా.

ఆఖరి మెట్టు దిగి, స్తంభం పట్టుకుని లేచి నిలబడి చీర దులుపుకుంది.

"అయ్యో జస్సోద్రా," అంది టాంటీ, "మేమేమో నువ్వు రాణివైపోయి దిగడం లేదనుకున్నాం తల్లీ."

"రాణినే. అందుకే కూర్చుని దిగా." జస్సోద్రా మగవాళ్ల వైపు తిరిగింది. "ఏంటి చూస్తున్నారు, సినిమానా? ఆయన ఎవరి కోసం ఏం కట్టుకుంటున్నాడో నాకు తెలీదు. నా గుమ్మంలో గయాప్‌కి గిన్నె మాత్రం నాదే. పారలు దించండి. బిస్నాథ్, ఆ నోటితో కట్టెలు ఊదు, దానికైనా పనికొస్తుంది."

అంతే, పని కదిలింది. మిక్సరు గరగరలాడింది. ఇసుక, కంకర, సిమెంటు, నీళ్లు. బకెట్లు చేతి నుంచి చేతికి పోయాయి. కందకం అంచుల్లో కాంక్రీటు బుడబుడమంటూ దిగింది. కార్‌లైల్ మోకాళ్ల మీద కూర్చుని పలకచెక్కతో లాగుతుంటే, సోనీలాల్ ఇనుప జాలి కిందికి కుంగకుండా రాళ్లు ఎత్తి పెట్టాడు. ఇంటి వైపు అంచున వేలెడంత మందం చెక్క నిలబెట్టి సందు కాపాడాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ అతని చూపంతా పొయ్యి దగ్గరే ఉంది.

జస్సోద్రాకి కుర్చీ కావాలి, నీడ కావాలి. కారు రోడ్డు మీదికి తీసేశారు కాబట్టి ఖాళీ అయిన చోటే కుర్చీ వేశారు. ఆమె కూర్చునే నూనెలో పంచదార మాడ్చింది, కోడి ముక్కలు వేసి ఎర్రగా తిప్పింది, కందిగింజలు, బియ్యం, కొబ్బరిపాలు పోసి మూత పెట్టింది. చాన్నాళ్ల తర్వాత ఆమె కేక వంతెన దాకా వినబడింది. "ఒరేయ్ కార్‌లైల్, నీ నడుం వంగుతుందా, గరిటె పంపనా?"

మూత పెట్టాక ఆమె చూపు కింద పడింది. కుర్చీ కాళ్ల దగ్గర గచ్చు మీద బొగ్గు గీతలున్నాయి. నలుచదరంగా ఒక గీత. అందులో మంచమంత ఇంకో గీత. రోడ్డు వైపు రెండు అడ్డగీతలు. మూలలో గాలి వచ్చే వైపుకి బాణం గుర్తు. ఆమె గరిటె కొసతో ఒక గీత వెంట చివరిదాకా వెళ్లింది. తర్వాత ఊయల వంక చూసింది. ఆ మూల నుంచి ఈ మూలకి, ప్రతి స్తంభానికీ తాడు ఒరుసుకున్న గుర్తు.

పలక నున్నగా తేలేసరికి మొదటి చినుకులు పడ్డాయి. అందరూ కేకలు వేస్తూ టార్పాలిన్ కప్పి ఇంటికిందకి పరిగెత్తారు. పళ్లేలు నిండాయి. వాన గట్టిగా అందుకుంది. సోనీలాల్ సిమెంటు చేతులు కడుక్కుని వచ్చి, పళ్లెం అందుకోకుండా ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

జస్సోద్రా గరిటె ఒళ్లో పెట్టుకుంది. "అందరూ ఉన్నారు, అందరి ముందే అడుగుతున్నా. ఏమయ్యా, నన్ను వదిలి పోతున్నావా? పోకపోతే ఊయలలో ఎందుకు పడుకుంటున్నావు? ఈ గీతలేంటి? ఎవరికి ఈ గది?"

తినేవాళ్ల చేతులు నోటి దగ్గరే ఆగిపోయాయి. సోనీలాల్ టోపీ తీశాడు. ఈసారి మళ్లీ పెట్టుకోలేదు.

"వదిలిపోయేవాడు కారెక్కి పోతాడు గానీ కారుకి పునాది వేస్తాడా? గది మనిద్దరికీ. గాలి ఏ మూలకి వస్తుందో, జల్లు ఎందాకా కొడుతుందో తెలీక అన్ని మూలలా పడుకుని చూశా. ఇన్ని రాత్రుల్లో మా అమ్మ రాలేదు, మీ అన్నా రాలేదు. దోమలొచ్చాయి, దోమతెర కొన్నా. కిటికీ ఎత్తు ఒక్కటే తేలడం లేదు, అది నువ్వు కూర్చుంటే గానీ తెలీదు. ఆ కుర్చీ కాస్త ఇటు జరుపు జస్సో... బిస్నాథ్ కొట్టు కనబడుతోందా?"